డిక్కీలో ఎల్ బోర్డు

కిల్‌మీడన్ దాటాక రోడ్డు పక్కన లారీలు ఆగే ఖాళీ జాగా ఒకటుంది. జయకర్ కారు అందులోకి తీసి, ఇంజను ఆపకుండానే దిగాడు. ముందుకెళ్లి బానెట్ మీది తెల్లరేకుని గోటితో లేపాడు. వెనక్కెళ్లి డిక్కీ తలుపు మీది రేకునీ లేపాడు. రెండింటి మీదా ఎర్రటి ఎల్ అక్షరం. ఈ దేశంలో డ్రైవింగ్ పరీక్ష గట్టెక్కనివాళ్లు కారుకి ముందూ వెనకా ఆ బోర్డు తగిలించుకుని, పక్కన లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకునే రోడ్డెక్కాలి. జయకర్ ఇప్పటికి మూడుసార్లు తప్పాడు. పక్క సీట్లో కూర్చున్న లైసెన్సు మనిషి అతని భార్య మధులిక. ఆమె మొదటిసారికే ప్యాసయింది.

అతను రేకులు రెండూ డిక్కీలో స్టెప్నీ చక్రం కిందికి తోసి, పైన గోంగూర పచ్చడి సీసాల సంచి పెట్టి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఇంకెంతో దూరం లేదుగా. ఉంటే ఏం పోయింది?" అంది మధులిక.

"సాయిగాడు చూస్తే ఇంకేమన్నా ఉందా? సాయంత్రానికి ఐర్లండంతా టముకేస్తాడు."

"నీకింకా రాలేదని చెప్తే సరిపోయేదిగా. ఉగాదినాడు అందరి ముందూ ఇద్దరికీ వచ్చేసిందని ఎవరు చెప్పమన్నారు?"

"ఏదో నోరు జారింది. ఇప్పుడేం చేయమంటావ్?"

ఉగాదినాడు జారిన నోరు ఆ తర్వాత జారుతూనే ఉంది. ఎవరింటికి వెళ్లినా ఊరి బయట ఆగడం, బోర్డులు దాచడం, తిరుగు ప్రయాణంలో అదేచోట మళ్లీ తగిలించడం ఇద్దరికీ అలవాటైపోయింది. మధులికకి మొదట్లో నవ్వొచ్చేది. ఈమధ్య రావడం లేదు.

సాయికృష్ణ, ఉమ వాళ్ల ఇల్లు వాటర్‌ఫోర్డ్ ఊరి చివర, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ల వరసలో ఉంది. డబ్లిన్‌కి వచ్చిన కొత్తల్లో వీళ్లు నలుగురూ, జయకర్ అక్క సుధేష్ణ కుటుంబమూ ఒకే ఇంట్లో గదులు పంచుకుని ఉన్నారు. వంటగది పొయ్యి దగ్గర వంతులేసుకున్న స్నేహం కాబట్టి గడప దాటుతూనే ఎవరి గొంతు ఎవరికీ వినపడనంత గోలయింది.

"మధూ, మంగళవారం నుంచి వ్యానంటగా! కంపెనీ వ్యాను!" ఉమ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

మధులికకి ఆ మాట ఎన్నిసార్లు విన్నా తనివి తీరడం లేదు. మైక్రోబయాలజీ చదువుకుని, వచ్చిన దగ్గర్నుంచీ ఒక సూపర్‌మార్కెట్ గిడ్డంగిలో పెట్టెలు సర్దిన మనిషి. ఇప్పుడు తాముండే కార్క్ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, బోరుబావుల దగ్గరా నీళ్ల ట్యాంకుల దగ్గరా సీసాల్లో నీళ్లు పట్టి, ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకి చేర్చే ఉద్యోగం. శుభ్రమైన డ్రైవింగ్ లైసెన్సు ఉంటేనే ఇస్తామన్నారు. ఆమెకుంది.

"దానికి నేర్పించేసరికి నా జుట్టు సగం ఊడింది తెలుసా!" అన్నాడు జయకర్, నెత్తి నిమురుకుంటూ. "రౌండబౌట్ వస్తే చాలు, కళ్లు మూసుకునేది."

అందరూ నవ్వారు. మధులిక కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె ముఖం మీదికి తనంతట తనే వచ్చి కూర్చుంటుంది, పిలవక్కర్లేదు.

బిర్యానీ దమ్ముకి పెట్టాక పెరుగు చాలదని తేలింది. సాయికృష్ణ చేతులు మోచేతుల దాకా మసాలాలో ఉన్నాయి. జయకర్ తాళంచెవి తీసుకుని లేచాడు. "నేను తెస్తాలే. మధూ, నువ్వూ రా, అలా గాలి తగుల్తుంది."

"పెళ్లయి ఇన్నేళ్లయినా పక్కన లేకపోతే అడుగు వెయ్యలేడమ్మా అన్నయ్య!" ఉమ మురిసిపోయింది. పక్కన లైసెన్సు లేకపోతే చక్రం కదలదని ఆమెకేం తెలుసు. మధులిక చెప్పులు వేసుకుంది.

వచ్చేటప్పుడే జరిగింది. ఇంటిముందు కారు పెట్టే జాగా ఇరుకు, పక్కింటికీ దీనికీ మధ్య మోకాలెత్తు గోడ, దాని చివర రాతి స్తంభం, స్తంభం మీద పూలకుండీ. ముక్కు లోపలికి పెట్టి ఆపితే సరిపోయేది. కిటికీలోంచి సాయికృష్ణ చూస్తాడేమోనని జయకర్ రివర్సులో ఒక్క ఊపున పెట్టాలనుకున్నాడు. మధులిక ఒళ్లో పెరుగు డబ్బాలు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తోంది.

"కుడివైపు స్తంభముంది. ఆపు. జయా, ఆపు ఆపు—"

అతను బ్రేకు అనుకుని తొక్కింది యాక్సిలరేటరు. పెద్ద చప్పుడేం కాలేదు. రాయి కదిలి పడిన చప్పుడు, కుండీ పగిలిన చప్పుడు, ఆ తర్వాత బంపరు ఒక చివర ఊడి నేలకి తగిలిన చప్పుడు. ఒళ్లో పెరుగు డబ్బా ఒకటి మూత ఊడి మధులిక కుర్తా మీద చల్లగా పరుచుకుంది.

ఇద్దరూ దిగారు. మధులిక చుట్టూ తిరిగి అతనివైపుకి వచ్చింది. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమెకి జాలేసింది, భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది. ఈలోగా సాయికృష్ణ వాళ్ల తలుపు తెరుచుకుంది. జయకర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, అరచేతిలో ఏదో పెట్టి వేళ్లు మూశాడు, రెండడుగులు పక్కకి జరిగి గోడ మీదికి వంగిపోయాడు. మధులిక చెయ్యి తెరిచి చూసుకుంది. కారు తాళంచెవి. అతని చేతి వేడి దానికి ఇంకా ఉంది.

"అయ్యో మధూ! నువ్వేనా?" ఉమ పరుగెత్తుకొచ్చింది. డ్రైవరు తలుపు తెరిచి ఉంది, దాని పక్కన మధులిక ఉంది, చేతిలో తాళంచెవి ఉంది. ఇంకెవరైనా అదే అడుగుతారు.

మధులిక జయకర్ వైపు చూసింది. అతను గోడ మీంచి తలెత్తలేదు.

"పోన్లే ఉమా, ఏమనకు. కొత్త కదా, కంగారుపడింది," అన్నాడు.

పక్కింటి ముసలావిడ బ్రీడా ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతోనే బయటికొచ్చింది. పగిలిన కుండీ వైపు చూడనైనా చూడకుండా నేరుగా మధులిక దగ్గరికి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. "యూ ఆర్ గ్రాండ్, లవ్, యూ ఆర్ గ్రాండ్," అంటూ పసిపిల్లని ఊరుకోబెట్టినట్టు నిమిరింది. ఆ చెయ్యి తగలగానే మధులికకి ఏడుపొచ్చింది. "ఐయామ్ సారీ," అంది. ఆ ఇంటావిడ కుండీ పగిలినందుకు నిజంగానే బాధపడి అన్న మాట అది. విన్నవాళ్లందరికీ మాత్రం తప్పు ఒప్పుకున్నట్టయింది.

ఆ రాత్రి బిర్యానీ ముందు ఆమెని ఏడిపించనివాళ్లు లేరు. సాయికృష్ణ అయితే వ్యాను కంపెనీవాళ్లకి ముందే సానుభూతి తెలిపాడు. జయకర్ కూడా నవ్వాడు. కొంచెం ఎక్కువగానే నవ్వాడు. మధులిక బిర్యానీలో లవంగాలు ఏరి కంచం అంచున పెడుతూ కూర్చుంది.

*

ఆదివారం పొద్దున బయల్దేరుతుంటే బ్రీడా మళ్లీ వచ్చింది. పొద్దున్నే కాల్చిన సోడా రొట్టె బట్టలో చుట్టి మధులిక చేతిలో పెట్టింది. వెనకే ఆమె కొడుకు, ఇళ్లు కట్టే మేస్త్రీ, గోడకి తనే రాయి నిలబెడతాననీ, ఇన్సూరెన్సువాళ్లకి చెప్పడానికి నడిపినవాళ్ల పేరు మాత్రం కావాలనీ, తొందరేం లేదనీ చెప్పి మధులిక ఫోన్ నెంబరు తీసుకున్నాడు. పేరు అడిగినప్పుడు జయకర్ ఊడిన బంపరుకి టేపు చుట్టడంలో మునిగిపోయి ఉన్నాడు.

"నువ్వు ప్రశాంతంగా కూర్చో మధూ, అన్నయ్య నడుపుతాడులే," అని ఉమ పక్కసీటు తలుపు తీసిపట్టింది. బోర్డులు డిక్కీలోనే ఉన్నాయి.

కారు క్యారిక్ ఊరు దాటింది. ఒళ్లో రొట్టె వేడిగా ఉంది. రోడ్డుకి అటూ ఇటూ మే నెల ముళ్లపొదలు తెల్లగా పూసి ఉన్నాయి. మధులిక వాటినేం చూడటం లేదు.

"బోర్డులు పెట్టు," అంది చివరికి.

"ఎక్కడో ఒకచోట ఆపుతాలే."

"బ్రీడా కొడుక్కి నీ పేరు పంపిస్తున్నా."

కారు కొంచెం పక్కకి ఊగింది. "పిచ్చా? లెర్నర్ని నేను. అదీ బోర్డు లేకుండా. ఇన్సూరెన్సువాళ్లు గార్డ్స్‌కి చెప్తే? పోలీసు కేసయితే? మనం సిటిజన్‌షిప్‌కి పెట్టుకున్నాం, గుర్తుందా? దాంట్లో ప్రతిదీ చెప్పాలి. అదే నువ్వనుకో, ఫుల్ లైసెన్సు, చిన్న దెబ్బ. ఎవరూ పట్టించుకోరు."

"మంగళవారం వ్యాను ఇచ్చేముందు నన్ను అడుగుతారు. ఈమధ్య ఏమన్నా గుద్దావా అని."

"లేదని చెప్పు."

"ఇన్సూరెన్సుకి గుద్దానని, ఆఫీసుకి గుద్దలేదని. రెండూ నేనే చెప్పాలి."

"ఎవరు చూడొచ్చార్లే మధూ! నా గురించి ఒక్కసారి ఆలోచించవా? సాయిగాడి ముందు, అక్క ముందు, బావ ముందు నా పరువేంగాను?"

అసలు మాట అప్పటికి బయటికొచ్చింది. సిటిజన్‌షిప్ కాదు, గార్డ్స్ కాదు. బావ. మధులిక అతని వైపు తిరిగి చూసింది. అరచేతులు చెమటపట్టి స్టీరింగ్ మీద జారుతున్నాయి, ఒకటి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు, రెండోది తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆమెకి జ్వరమొస్తే మూడు పూటలా జావ కాచిపోసే మనిషి. కానీ నిన్న ఆమె చేతిలో తాళంచెవి పెట్టడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు. ఆమెని పీడిస్తున్నది గోడా కాదు, బంపరూ కాదు, ఆ చురుకుదనం.

టిప్పరరీ ఊరు ఇంకా రాకముందే ముందున్న కార్లు వరసగా నెమ్మదించాయి. పసుపుపచ్చ కోట్లు వేసుకున్న గార్డ్స్ ఇద్దరు రోడ్డు మధ్యలో నిలబడి ఒక్కో కారునీ ఆపుతున్నారు.

"అయిపోయాం," అన్నాడు జయకర్. "మధూ, సీటు మారదాం. ఇటు దూరు, త్వరగా."

"రోడ్డు మధ్యలోనా? వెనక కారువాళ్లు చూట్టంలేదూ?"

"ప్లీజే!"

"నేను కదలను," అంది మధులిక. ఒళ్లోని రొట్టెని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

వాళ్ల వంతు వచ్చింది. కుర్ర గార్డు వంగి ముందు అద్దం మీది ఇన్సూరెన్సు కాగితం చూశాడు, టైర్లు చూశాడు, ఎక్కడికని అడిగాడు. ఎన్నిస్‌లో అక్క దగ్గరికని జయకర్ చెప్పాడు. గార్డు మధులిక ఒళ్లోకి చూసి, రొట్టె వాసన కమ్మగా ఉందని నవ్వి, వెళ్లమని చెయ్యి ఊపాడు. లైసెన్సు అడగనే లేదు.

కొంతదూరం పోయాక జయకర్ ఊపిరి వదిలాడు, తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. స్టీరింగ్‌ని అరచేత్తో కొట్టి మరీ నవ్వాడు. "చూశావా? ఏం కాలేదు! నువ్వూరికే భయపడతావ్!"

గార్డు పట్టుకుని ఉంటే మధులిక అతని పక్కన నిలబడి ఉండేది, బతిమాలి ఉండేది. ఆ నవ్వు విన్నాక మాత్రం ఆమె మనసు గట్టిపడిపోయింది. రొట్టె తీసి వెనక సీట్లో పెట్టింది.

లిమరిక్ దాటాక మోటార్‌వే ఉంది. లెర్నర్లు అక్కడ నడపకూడదు కాబట్టి ఆ ముక్క ఆమె నడిపింది. అద్దంలో చూసుకుంటూ, లైను మారేటప్పుడు భుజం మీంచి వెనక్కి ఒకసారి చూస్తూ, ఎవర్నీ తొందరపెట్టకుండా, ఎవరికీ అడ్డం రాకుండా నడిపింది. ఎన్నిస్ రాగానే పెట్రోలు బంకు దగ్గర జయకర్ ఆపమన్నాడు. మళ్లీ సీట్లు మారారు. అక్క ఇంటిముందు మగమహారాజులా దిగాలి కదా.

*

కబురు వాళ్లకంటే ముందే ఎన్నిస్ చేరింది. ఉమ ఫోన్ చేసి చెప్పేసిందట.

"నీకేం కాలేదుగా? ముందు అది చెప్పు." సుధేష్ణ మరదల్ని వాకిట్లోనే పట్టుకుని పైనుంచి కిందిదాకా తడిమి చూసింది. "మిగతావన్నీ ఇనుమే, పోతే పోనీ."

"నాకేం కాలేదు వదినా," అంది మధులిక. అది మాత్రం అబద్ధం కాదు.

సుధేష్ణ భర్త రాజ్‌కిరణ్ షానన్‌లో పనిచేస్తాడు. మంచి మర్యాదస్తుడు, కానీ తన మాట నెగ్గిందంటే ఆ రుచి ఒక పూట నాలుక మీద నిలుపుకుంటాడు. "నేను చెప్తూనే ఉన్నా చెల్లెమ్మా. ఈ రోడ్లు మగాళ్లకే కష్టం, ఆడవాళ్లకేం అలవాటవుతాయి? ఏరా జయా, నువ్వెలా ఊరుకున్నావ్ తాళంచెవి ఇచ్చి?"

జయకర్ చెప్పులు విప్పుకుంటున్నాడు. "ఏదో సరదా పడింది బావా," అన్నాడు చెప్పులతో.

వాళ్లమ్మాయి నిత్యకి పన్నెండేళ్లు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అక్కడి క్లేర్ జిల్లా యాసలో ఇంగ్లీషులో వస్తుంది. అన్నం తింటూ తలెత్తకుండానే అంది: "మామ్ వాజ్ స్టార్టింగ్ ఆన్ వెన్స్‌డే. షీ హ్యాజ్ ద పర్మిట్ అండ్ ఆల్. నౌ షీ వోంట్."

"నోర్మూసుకుని తిను," అంది సుధేష్ణ.

మధులిక ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఏంటి వదినా? ఏం మొదలుపెడుతున్నారు?"

"ఏం లేదులే."

అన్నాలయ్యాక వంటింట్లో సుధేష్ణ గిన్నెలు కడుగుతుంటే మధులిక తుడిచి పెడుతోంది. "ఆ కంచాలు పైన అల్మరాలో పెట్టవే, కిందది నిండిపోయింది," అంటూ సుధేష్ణ ఆ గొంతుతోనే, వెనక్కి తిరక్కుండా చెప్పుకొచ్చింది.

ఈ ఊరొచ్చి ఎన్నేళ్లయినా పని దగ్గరికి వానలో బస్సుకోసం నిలబడటమే. నిత్యని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా ఆయన ఖాళీ చూసుకోవాలి. అడిగినప్పుడల్లా నీకెందుకంటాడు. మొన్న ఫిబ్రవరిలో మధుకి లైసెన్సొచ్చిందని విన్నాక తనక్కూడా పట్టుదల వచ్చింది. ఆయనకి చెప్పకుండా రాత పరీక్ష రాసింది, ప్యాసయింది. లెర్నర్ పర్మిటు తెచ్చుకుంది. క్లాసులు చెప్పే ఒకావిడతో మాట్లాడి బుధవారానికి ఖాయం చేసుకుంది.

"నిన్న ఉమ ఫోన్ చేశాక రాత్రంతా ఆలోచించానే. అంత నిదానంగా ఉండే మధుకే ఇలా అయితే నావల్ల ఏమవుద్ది? పొద్దున్నే ఆవిడకి మెసేజ్ పెట్టేశా, క్లాసులు వద్దని. మీ అన్నయ్యకీ చెప్పేశా. అప్పుడు చూడాలి ఆయన మొహం, వెలిగిపోయిందనుకో." సుధేష్ణ నవ్వింది. గిన్నె ఒకటి ఇందాకే కడిగింది, మళ్లీ కడుగుతోంది.

మధులిక కంచం తుడవడం ఆపింది. తన మీద పడ్డ మాటలు తను దిగమింగుకోగలదు, ఇన్నాళ్లూ అదే చేసింది. కానీ తను చెయ్యని తప్పు ఇక్కడిదాకా వచ్చి ఈ మనిషి కాళ్లు విరిచేస్తుందని కల్లో కూడా అనుకోలేదు.

"వదినా, అది నేను కాదు—"

"అక్కా, మంచినీళ్లు." జయకర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో. చూపులు మధులిక మీదే ఉన్నాయి, వద్దని రెండు కళ్లూ దండం పెడుతున్నాయి.

"నువ్వు కాదులే, నీ టైము," అంది సుధేష్ణ, తమ్ముడికి గ్లాసు అందిస్తూ. "దిష్టి తగిలిందే నీకు. కొత్త ఉద్యోగం, కంపెనీ బండి. ఎంతమంది కళ్లు పడ్డాయో! రేపు బయల్దేరేముందు తీసేస్తా."

మధులిక తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. అతను వెళ్లేదాకా చూసి మాట్లాడదామనుకుంది. అతను వెళ్లలేదు. పడుకునేదాకా వాళ్లిద్దరి మధ్య కాపలా కుక్కలా తిరుగుతూనే ఉన్నాడు.

సోమవారం సెలవు. ఇడ్లీలు తింటుండగా ఆమె ఫోన్ మోగింది. బ్రీడా కొడుకు పంపిన మెసేజ్. గోడకి రాయి పెట్టేశాడట. ఫోటో కూడా పంపాడు, స్తంభం మీద కొత్త కుండీతో సహా. కింద, నడిపినవాళ్ల పేరు పంపితే చాలన్నాడు.

జయకర్ పక్కనుంచి చూశాడు. చట్నీ వడ్డించే వంకతో దగ్గరికి వంగి గొణిగాడు. "పంపెయ్ మధూ. ఒక్క పేరు. ఇంతటితో అయిపోద్ది."

"ఎవరికి అయిపోతుందండీ?" అంది మధులిక. కార్లో ఇద్దరే ఉన్నప్పుడు అతన్ని నువ్వంటుంది, జయా అంటుంది. ఆడబిడ్డ ఇంట్లో మాత్రం మీరు, ఏమండీ. ఫోన్ బోర్లా పెట్టి ఇడ్లీ తుంచుకుంది.

బయట సన్నజల్లు పడి వెలిసింది. సుధేష్ణ చీర మీద ఉన్ని కోటు వేసుకుని పళ్లెంతో వచ్చింది. పళ్లెంలో కర్పూరం, కుంకుమ, పచ్చగా నిగనిగలాడే నిమ్మకాయలు. ఇక్కడి నిమ్మకాయలు కోడిగుడ్డంత ఉంటాయి. నాలుగు చక్రాల ముందూ వంగి వంగి ఒక్కొక్కటి పెట్టింది. టేపు చుట్టిన బంపరుకి కుంకుమ బొట్టు పెట్టింది. ఎదురింటాయన గడ్డి కోసే యంత్రం ఆపి, చెయ్యి ఊపి, చూస్తూ నిలబడ్డాడు.

"రా మధూ, కూర్చో," అని డ్రైవరు తలుపు తెరిచింది.

"ఎందుకక్కా, నేను తొక్కిస్తాలే," అన్నాడు జయకర్.

"నువ్వు తొక్కిస్తే నీది పోద్దిరా. ఎవరి చేతిలో దెబ్బ తగిలిందో వాళ్లే తొక్కించాలి. మా అత్తగారింట్లో అదే పద్ధతి. దానికి పోవద్దూ? తాళంచెవి ఇటివ్వు దానికి."

రాజ్‌కిరణ్ గుమ్మంలో చేతులు కట్టుకుని చిరునవ్వుతో చూస్తున్నాడు. జయకర్ జేబులోంచి తాళంచెవి తీశాడు. ఒక్క క్షణం పట్టుకుని ఉన్నాడు. తర్వాత మధులిక ముందుకి చాపాడు.

రెండోసారి.

మధులిక తీసుకుంది. తెరిచిన తలుపు వైపు వెళ్లలేదు. కారు వెనక్కి నడిచి డిక్కీ తెరిచింది. పచ్చడి సీసాలు తెచ్చిన ఖాళీ సంచి తీసి కింద పెట్టింది. స్టెప్నీ ఒక చేత్తో పైకెత్తి, కింది రేకులు రెండూ లాగింది. వాటికి మట్టి అంటుకుని ఉంటే చున్నీ చివరతో తుడిచింది. డిక్కీ మూసి ఒకటి దాని మీద అంటించింది. ముందుకు వచ్చి రెండోది బానెట్ మీద పెట్టి నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కింది. గాలికి లేవకుండా ఇంకోసారి నొక్కింది. పళ్లెంలో వెలిగించిన కర్పూరం రెపరెపలాడుతోంది.

ఆమె వచ్చి తాళంచెవి జయకర్ చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నువ్వు కూర్చో జయా," అంది. "గుద్దింది నువ్వేగా."

"ఇదేంటి? లైసెన్సు..." అంటూ రాజ్‌కిరణ్ చేతులు విప్పి గుమ్మం దిగాడు.

"అబ్బే, ఊరికే బావా, మధు ఏదో జోకు..." జయకర్ నవ్వబోయాడు.

"జయా," అంది సుధేష్ణ. అంతే అంది.

జయకర్ అక్క ముఖం చూశాడు, బానెట్ మీది ఎల్‌ని చూశాడు. భుజాలు కిందికి జారాయి. "నాకింకా రాలేదక్కా," అన్నాడు. "మూడుసార్లు పోయింది. మొన్న నడిపింది నేనే."

సుధేష్ణ పళ్లెంతోనే తమ్ముడి వైపు నుంచి పక్కకి తిరిగింది. మధులికని చూసింది, చాలాసేపు చూసింది. "నిన్నంతా మేమన్న మాటలన్నీ పడ్డావే నువ్వు," అంది. ఆ మాటకి మధులిక కళ్లు నిండాయి. రెండ్రోజులుగా ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఆమె ఎదురుచూస్తోంది. అది మొగుడి నోట వస్తుందనుకుంది.

జయకర్ కూర్చున్నాడు. మధులిక అటుతిరిగి వచ్చి పక్కసీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఫోన్ తెరిచి అతని ముందు పెట్టింది.

"ముందు ఇది."

అతను తన పేరు కొట్టాడు. రెండు అక్షరాలు తప్పొచ్చాయి, చెరిపి మళ్లీ కొట్టాడు. లెర్నర్ అని పక్కన తనే కలిపాడు. పంపి, ఫోన్ ఆమెకిచ్చి, ముఖం అరచేత్తో తుడుచుకున్నాడు. "వ్యాను పోదుగా నీకు?" అన్నాడు మెల్లగా.

"నాకేం పోద్ది? నేనేం చేశాను?" అంది మధులిక. "క్లచ్చి నెమ్మదిగా వదులు."

కారు ఒకసారి దగ్గి ఆగిపోయింది. గుమ్మంలో నిత్య కిసుక్కుమంది. రెండోసారి కదిలింది. చక్రాల కింద నిమ్మకాయలు ఒకటి తర్వాత ఒకటి చితికాయి, పుల్లటి వాసన లేచింది. గేటు దగ్గర ఆపి, అటూ ఇటూ చూడమని మధులిక చెప్తుండగా సుధేష్ణ పళ్లెం అలాగే పట్టుకుని గబగబా ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది.

"వెళ్లొస్తాం వదినా."

"వెళ్లిరండి," అంది సుధేష్ణ. కదల్లేదు. కిటికీ మీద చెయ్యి వేసి వంగింది.

"ఆ ఎల్ బోర్డులు ఎక్కడ కొన్నారే?"

గుమ్మంలో నిలబడ్డ రాజ్‌కిరణ్‌కి వినపడేలాగే అడిగింది.